స్టేజీ వాళ్లకి వదిలేయండి, చేతికందేవి మనం చేద్దాం

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ల మోత ఎక్కువగా ఉంది గానీ, ఆపితే ఈ ఉక్కకి మనం ఉండలేం. తిరగనివ్వండి, నేనే కాస్త గొంతు పెంచుతాను. బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఎవరైనా ఆ స్టీలు గ్లాసులు పెట్టండమ్మా. ఆఁ, అలాగ.

కరపత్రంలో నా గురించి పెద్దపెద్ద మాటలు వేశారు, అవేం పట్టించుకోకండి. నాది కాగితాల కొట్టు. స్కూలు పిల్లల చార్టులు, జెరాక్సు, పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖలు, వాటితోపాటు నాకిష్టమై నేను చేసుకునే చేతిపని. కొట్లో కూర్చుంటే పెళ్లికూతుళ్లు, వాళ్ల అమ్మలు, పిన్నులు వస్తూనే ఉంటారు, వచ్చినవాళ్లలో చాలామంది ఫోన్ తీసి ఒకే రకం ఫొటో చూపిస్తారు. గోడంతా కాగితం పూలు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో ఇద్దరి పేర్లు, కింద ఒక సోఫా. "ఆంటీ, ఇది ఇంట్లో మనమే చేసుకోవచ్చా, ఎన్ని షీట్లు పడతాయి?" అంటారు. చేసుకోవచ్చమ్మా, ఎందుకు చేసుకోలేరు. కానీ ఆ గోడ దగ్గరికి వెళ్లి చూసేదెవరు? ఇంటిల్లిపాదీ నిద్ర మానుకుని రేకు రేకూ అంటించిన పూలు ముప్పై అడుగుల అవతల లైట్ల వెలుగులో ఉంటాయి, వచ్చినవాళ్లు అక్షింతలు వేసి, ఫొటో దిగి, బంతిలో చోటు దొరుకుతుందో లేదో అని కంగారుగా కిందికి దిగిపోతారు, అవి కాగితంవో ప్లాస్టిక్‌వో వాళ్లకి అక్కర్లేదు.

అందుకని ఇవాళ చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కునుకు తీసినా ఫర్వాలేదు. స్టేజీని డెకరేషన్ వాళ్లకి వదిలేయండి. మనిషి చేతిలోకి వెళ్లేవి, మొహానికి మూరెడు దూరంలోకి వచ్చేవి ఉంటాయి కదా, శుభలేఖ, అడ్డుతెర, కొబ్బరిబొండాం, తాంబూలం సంచీ, సారె డబ్బా, మీ ఓపికంతా వాటి మీద పెట్టండి. వాటిని ఎవరో ఒకరు పట్టుకుంటారు, తిప్పి చూస్తారు, "ఎవరు చేశారే ఇది?" అని అడుగుతారు. చేసిన పిల్ల పక్కనే ఉంటే దాని మొహం చూడాలి అప్పుడు!

మనకిదేం కొత్త విద్య కాదు కూడా. ఇక్కడున్న పెద్దవాళ్లలో చిన్నప్పుడు తాటాకు బొమ్మల పెళ్లి చేయనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు. ఎండాకాలం సెలవుల్లో లేత తాటాకు చీల్చి, మడిచి, ముడేసి పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ చేసేవాళ్లం. టైలరు దగ్గర ఏరుకొచ్చిన గుడ్డముక్కలు చీరా పంచె, కాటుకతో కళ్లు, చాక్లెట్ కాగితాల నగలు, అగ్గిపెట్టె పల్లకి. పెద్దవాళ్లు బెల్లమ్ముక్కా పుట్నాలపప్పూ పెడితే అదే విందు. వంగి చూస్తే తప్ప ఏమీ కనబడని పెళ్లి అది. అయినా ఎంత శ్రద్ధగా చేసేవాళ్లం!

ఆ తాటాకు ఇప్పుడు మళ్లీ ఫ్యాషన్లోకి వచ్చింది, లేజరుతో పేర్లు చెక్కి శుభలేఖలుగా అమ్ముతున్నారు. బాగుంటాయి, కాదనను. ఇంట్లో చేద్దామని మాత్రం చెట్టు కింద ఆకు ఏరుకురాకండి. పూర్వం తాళపత్రాలకైనా ఆకుని ఉడకబెట్టి, ఆరబెట్టి, రుద్ది సాపు చేశాకే గంటం పట్టేవాళ్లు. పచ్చి ఆకు నాలుగు రోజులకే ముడుచుకుపోతుంది.

సరే, కాగితం. రాజమండ్రి పేపరుమిల్లు తెలియనివాళ్లు లేరు కదా, 1964లో పెట్టిన కంపెనీ. సరుగుడు, సుబాబుల్ కర్రని గుజ్జు చేసి అక్కడ కాగితం తీస్తారు. ఈ మిల్లు సంగతి ఎందుకంటే, కాగితం అంటే కర్ర పీచే, పీచుకి ఒక వాటం ఉంటుంది. గుజ్జు జాలీ మీద పరిగెత్తుతూ కాగితంగా మారేటప్పుడు ఆ పీచుల్లో ఎక్కువ భాగం ఒకే వైపుకి పడుకుంటాయి. ప్రెస్సు వాళ్లు దీన్ని గ్రెయిన్ అంటారు. ఇదిగో, ఈ కార్డు షీట్లు వరసలోకి పంపుతున్నాను, తలా ఒకటి తీసుకోండి. మడతపెట్టకుండా, రెండంచులూ పట్టుకుని ఊరికే వంచి చూడండి. ఇప్పుడు పక్కకి తిప్పి రెండోవైపు వంచండి. తేడా తెలిసిందా? ఒకవైపు మెత్తగా వంగుతుంది, రెండోవైపు మొరాయిస్తుంది. మెత్తగా వంగినవైపు మడిస్తే అంచు గీత గీసినట్టు వస్తుంది. మొరాయించినవైపు బలవంతంగా మడిస్తే పైపొర పగిలి లోపలి తెల్ల పీచు బయటపడుతుంది. మెరూన్ శుభలేఖ మడత మీద తెల్లచార చూశారా ఎప్పుడైనా? అది కార్డు నాసిరకమై కాదు, అడ్డంగా కోయాల్సింది నిలువుగా కోశారు, అంతే.

మందం గురించి కూడా ఒక మాట. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఏ4 షీట్లు పదహారు పరిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి జెరాక్సు కాగితం 80 జీఎస్ఎం అయితే ఒక్కో షీటు 5 గ్రాములు. శుభలేఖకి 250 జీఎస్ఎం కార్డు తీసుకుని ఏ4 సైజు మధ్యకి మడిచారనుకోండి, ఒక్కోటి పదిహేనున్నర గ్రాములు దాటుతుంది, 500 శుభలేఖలంటే దాదాపు 8 కేజీలు. స్కూటర్ మీద ఊరూరా తిరిగి పంచేది మీ ఆయనే కదా, ఆయన్నొక మాట అడిగి కార్డు ఎంచుకోండి. (నవ్వులు)

మడతకి ముందు గీత పెట్టాలి. దానికి సామాన్లేమీ కొనక్కర్లేదు, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నూ స్టీలు స్కేలూ చాలు. సిరా ఉండదు కాబట్టి గాడి మాత్రం పడుతుంది. మడిచాక గోరుతో రుద్దకండి, ఆ చోట కాగితం మెరిసిపోయి మరకలా కనిపిస్తుంది. పైన తెల్లకాగితం ఒకటి వేసి చెంచా వెనకవైపుతో ఒక్కసారి లాగండి.

ఇప్పుడు మన అసలు శత్రువు గురించి చెప్పుకోవాలి. తేమ. ఇటు గోదావరి పాయలు, అటు సముద్రం, మధ్యలో ఎటు చూసినా కాలవలు, చేలల్లో నీళ్లు. వీడియోల్లో చూపించేవాళ్లకి ఈ బాధ లేదు, ఏసీ గదిలో చేసి చూపిస్తారు. మన దగ్గర ముసురు పట్టిన రోజు సాయంత్రం అంటించింది పొద్దుటికి పడవలా వంగి ఉంటుంది. కాగితం పీచు తేమ పీల్చుకుంటే పొడవులో పెద్దగా సాగదు గానీ అడ్డంలో ఉబ్బుతుంది, ఒకవైపే జిగురు రాస్తే ఆ వైపు మాత్రమే ఉబ్బి షీటు చుట్టుకుపోతుంది. రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి అంటించేటప్పుడు రెండింటి గ్రెయినూ ఒకే దిక్కు ఉండేట్టు చూసుకోండి, అంటించిన వెంటనే బరువు కింద పెట్టండి, పచ్చళ్ల జాడీ అయినా ఫర్వాలేదు. ఫ్యాను కింద ఆరబెట్టొద్దు, అలా చేస్తే ఒకవైపు ముందే ఆరి వంకర తిరుగుతుంది. తయారైనవి పాలిథిన్ కవర్లో చుట్టి ట్రంకుపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. నిలబెడితే నడుం వంగిపోతాయి.

మాఘ, ఫాల్గుణ మాసాల పెళ్లిళ్లకి ఈ గొడవ తక్కువ. శ్రావణమాసం ముహూర్తం అయితే మాత్రం క్రేప్ కాగితం జోలికి వెళ్లేముందు నన్నడగండి. ఎందుకో చెప్తాను. ఇదిగో ఎర్ర క్రేప్ ముక్క. వేలు తడి చేసి ఇలా అద్దుతున్నాను... చూశారా నా వేలు? తడి తగిలితే దాని రంగు దిగిపోతుంది. ఇదే కాగితంతో తలంబ్రాల పళ్లెం చుట్టూ కుచ్చులు కట్టి, అందులో నెయ్యీ పసుపూ కలిపిన బియ్యం పోసి, అది తీసుకెళ్లి తెల్లటి మధుపర్కాల పక్కన పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. తలంబ్రాల దగ్గర, కలశాల దగ్గర, పానకం బిందెల దగ్గర క్రేప్ వద్దు. బంగారు రంగు తళుకు కాగితం, లేదా గుడ్డ లేసు.

అన్నట్టు తలంబ్రాల్లో ఈ మధ్య థర్మోకోల్ గుళ్లు, మెరుపుల పొడి కలుపుతున్నారు. ఫొటోల్లో బాగానే పడతాయేమో గానీ ఆ మెరుపుల పొడి కంట్లో పడితే పెళ్లికూతురు అప్పగింతల దాకా ఆగకుండా అక్కడే ఏడవాలి. బియ్యం బియ్యంలాగే ఉండనివ్వండి, కావాలంటే నాలుగు ముత్యాలు వేసుకోండి. చేతిపని పళ్లేనికి చేయండి.

శుభలేఖకి వద్దాం. వాట్సాప్‌లో పంపేస్తున్నాం కదా, ఇంకా కాగితం ఎందుకు అని పిల్లలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. కొలీగులకి, దూరపు స్నేహితులకి వాట్సాప్ చాలు. కానీ బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్లు కొన్ని ఉంటాయి. మేనమామలు, మేనత్తలు, పెదనాన్నగారి పిల్లలు, వీధిలో నాలుగిళ్ల వాళ్లు. వాళ్ల గుమ్మంలోకి వెళ్లి ఆవిడకి బొట్టు పెట్టి, చేతికివ్వాల్సింది ఏదో ఉండాలిగా? ఫోన్ ఇవ్వలేం. అవి యాభయ్యో అరవయ్యో ఉంటాయి, ఆ యాభై మాత్రమే చేత్తో చేసుకోండి. ప్రెస్సులో అయిదొందలు కొట్టించి సగం బీరువా మీద మిగల్చడం కంటే ఇది నయం. మొదటిది దేవుడికి, మన కోనసీమలో అయినవిల్లి వినాయకుడి దగ్గర పెట్టి వచ్చేవాళ్లున్నారు, ఎవరి ఇలవేల్పు వాళ్లకి ఉండనే ఉన్నాడు.

చేత్తో చేసేటప్పుడు అందరూ మరిచిపోయేది పసుపు. నాలుగు మూలలా పసుపు పెట్టకుండా శుభలేఖ ఇవ్వం కదా. పైన ప్లాస్టిక్ పొర వేసిన మెరుపు కార్డు అయితే పసుపు దానికి అంటదు, ఆరాక పొడిలా రాలి ఇచ్చినవాళ్ల సంచినిండా అవుతుంది. మెరుపు లేని కార్డు తీసుకోండి. పసుపు నీళ్లగా కలిపితే మూల ఉబ్బి ముడతపడుతుంది, గట్టి ముద్దలా కలుపుకుని వేలితో అద్దితే చాలు, గీయక్కర్లేదు. ఈ పని మాత్రం ఇంట్లో పెద్దావిడకి అప్పజెప్పండి. కత్తెర పట్టలేని చెయ్యి అయినా పసుపు అద్దగలదు, పైగా ఒక్కో శుభలేఖ మీద పేరు చదివి వాళ్ల పూర్వాపరాలన్నీ చెప్తుంది, టీవీ అక్కర్లేదు ఆ సాయంత్రం.

పసుపుతో పిల్లల చేత చేయించే పని ఇంకొకటుంది. మందపాటి తెల్లకాగితానికి పసుపునీళ్లు పూసి బాగా ఆరనివ్వండి. తాంబూలానికి తెచ్చుకున్న సున్నం ఇంత తీసుకుని గ్లాసు నీళ్లలో వేసి, తేరాక పైనున్న తేట నీళ్లు వేరే గిన్నెలోకి వంచుకోండి. ఆ తేటలో సన్నటి కుంచె ముంచి పసుపు కాగితం మీద రాస్తే, రాసిన చోటల్లా ఎర్రగా తేలుతుంది. పారాణి ఎరుపు వచ్చేది కూడా ఇలాగే, పసుపుకి సున్నం తగిలి. లగ్నపత్రిక పెట్టే కవరు మీద పెళ్లికూతురి చెల్లెలో తమ్ముడో ఇలా పేర్లు రాస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో. కాకపోతే ఈ ఎరుపు నిలవదు, సున్నం గాలి పీల్చుకున్నకొద్దీ వెలిసిపోతుంది, పసుపు కూడా ఎండలో పెడితే పాలిపోతుంది. కాబట్టి ముందురోజు రాయించండి. సున్నం కాబట్టి చిన్నపిల్లలు కళ్లు నలుపుకోకుండా పక్కన ఒకరు ఉండాలి.

అడ్డుతెర. జీలకర్రా బెల్లం పెట్టేవరకూ ఇద్దరి మధ్యా పట్టుకునేది. పెళ్లి మొత్తంలో కెమెరాలన్నీ గురిపెట్టి ఉండే గుడ్డ ఇదొక్కటే, అయినా చాలామంది అద్దెకి తెచ్చేసుకుంటారు, అందులో వేరేవాళ్ల పెళ్లి పసుపు మరకలు అలాగే ఉంటాయి. గజంన్నర తెల్లటి కాటన్ గుడ్డ, రెండు రంగుల ఫ్యాబ్రిక్ పెయింటు, ఒక స్పాంజి, ఇంతే ఖర్చు. అచ్చు మాత్రం మనం కోసుకోవాలి. చార్టు కాగితం రంగుకి నానిపోతుంది, ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ములు ఉంటాయి కదా, మోకాళ్లవీ నడుములవీ, అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

ఇక్కడ తెలుగు రాసేవాళ్లకి ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాల అచ్చులు బజార్లో దొరుకుతాయి, తెలుగువి మనమే కోయాలి. మన అక్షరాలన్నీ గుండ్రాలు. ‘శుభం’ అని కోశారనుకోండి, సున్నా చుట్టూ కోయగానే మధ్యలో ముక్క ఊడి కింద పడుతుంది, అచ్చు వేస్తే సున్నాకి బదులు పెద్ద చుక్క వస్తుంది. ‘ర’ కూడా అంతే, ‘ఠ’ కూడా అంతే. లోపలి ముక్క పడిపోకుండా పైనా కిందా సన్నటి వంతెన ఒకటి వదిలిపెట్టి కోయాలి, అద్దాక ఆ సందుని కుంచెతో పూడ్చుకోవచ్చు, పూడ్చకుండా వదిలినా అందమే. ఇదిగో ఈ ఫిల్ము పట్టుకుని వెలుగులోకి చూడండి, ‘ర’లో వంతెన ఎక్కడ వదిలానో కనబడుతుంది, దాని వెనక ఎవరిదో వెన్నెముక కూడా కనబడుతుంది, దాన్ని పట్టించుకోకండి. స్పాంజికి రంగు చాలా తక్కువ తీసుకోండి, ముందు పాత పేపరు మీద రెండుసార్లు అద్ది, ఆ తర్వాతే గుడ్డ మీదికి రండి. రంగు ఎక్కువైతే ఫిల్ము కిందికి పాకుతుంది, ఇక దాన్ని ఆ బ్రహ్మదేవుడు కూడా సరిచేయలేడు.

కొబ్బరిబొండాం గురించి చెప్పకపోతే కోనసీమలో నన్ను ఉండనివ్వరు. అంబాజీపేట మార్కెట్ పక్కనే పెట్టుకుని ఆన్‌లైన్‌లో బొండాం ఆర్డరు చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మేనమామ బుట్టలో కూర్చోబెట్టి తీసుకొచ్చేటప్పుడు పెళ్లికూతురు పట్టుకునే కాయ అది. పచ్చికాయ మీద జిగురు నిలవదు, పీచు ఆరుతూ ఆరుతూ ముడుచుకుని, అంటించిన కుందన్లన్నీ ఒక్కొక్కటీ లేచిపోతాయి. ఎండుకాయ తీసుకోండి, తేలిగ్గా కూడా ఉంటుంది. కొందరిళ్లలో నీళ్లున్న కాయే ఉండాలంటారు, పట్టింపు ఉన్నవాళ్లు పురోహితుణ్ణి అడిగి మొదలెట్టండి. ముందు గరుకు కాగితంతో పీచు నునుపు చేసి, పైన పల్చటి కాగితం ముక్కలు జిగురుతో రెండు పొరలు వేసి ఆరనిచ్చి, అప్పుడు రంగు. కాగితం పొర లేకుండా రంగు వేస్తే పీచు తాగేస్తూనే ఉంటుంది, డబ్బా అయిపోతుంది గానీ రంగు తేలదు.

అలంకారం అంతా ముందువైపే చేయండి. వెనకవైపు, ఆ పిల్ల అరచేతులు ఆనే చోట ఏమీ అంటించొద్దు, పట్టుగుడ్డ ముక్క ఒకటి చుట్టండి. గోరింటాకు పెట్టుకున్న చేతుల్తో, గాజుల బరువుతో, కళ్ల మీదికి జారే బాసికంతో ఆ పిల్ల దాన్ని ఎంతసేపు పట్టుకుంటుందో చేసేవాళ్లు ఆలోచించరు. కుందన్ల మొనలు గుచ్చుకుంటూంటే పైకి నవ్వుతూ కూర్చుంటుంది, పాపం.

డబ్బాలు, సంచులు త్వరగా చెప్పేస్తాను, ఎలాగూ తర్వాత చేసి చూపిస్తాను. తాంబూలం సంచిలో తమలపాకులు తడిగా ఉంటాయి, కాగితం అడుగు నానిపోయి అరటిపండ్లు బస్టాండులో రోడ్డు మీద పడతాయి. అడుగున అట్టముక్క వేసి, ఆకుల్ని విడిగా చిన్న అరటాకు ముక్కలో చుట్టి పెట్టండి. సారెకి, అంటే నాలుగు స్వీట్లు పట్టే డబ్బాకి, దిండు ఆకారం అన్నింటికంటే సులువు. 300 జీఎస్ఎం కార్డుని గొట్టంలా అంటించి చదును చేసి, రెండు చివరలా చిన్న స్టీలు పళ్లెం అంచు ఆనించి వంపు గాడి పెట్టి లోపలికి నొక్కితే మూత పడిపోతుంది, జిగురు కూడా అక్కర్లేదు.

పూతరేకులు పెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నెయ్యి. మామూలు కాగితం నెయ్యి పీల్చి మరక బయటికి కనిపిస్తుంది. లోపల బటర్ పేపర్ వేయాలి. అసలు కాగితం పని గురించి మాట్లాడుతూ ఆత్రేయపురం ఆడవాళ్లకి దండం పెట్టకుండా ఎలా ఉంటాం? బోర్లించిన కుండ కింద మంట, బియ్యం రుబ్బిన పల్చటి పాలల్లో ముంచిన గుడ్డ, కుండ మీద అలా ఒక్కసారి పరిస్తే క్షణంలో పొర లేచి వస్తుంది. ఇక దాన్ని చిరగకుండా మడవాలి. మనం కార్డు మడవడానికే స్కేలూ చెంచా అంటున్నాం. 2023లో ఆ పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ముద్ర, వచ్చింది, ఆలస్యంగానైనా మంచిదే.

మరుసటేడు 2024లో నరసాపురం లేసుకీ అదే గుర్తింపు వచ్చింది. లేసు ఎందుకు ఎత్తానంటే, శుభలేఖ అంచుకి, డబ్బా మూతకి మెషీన్ లేసు కొనేబదులు చేతి అల్లకం బెత్తెడు పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. కొనేటప్పుడు మాత్రం బేరమాడకండి. ఈ మాట ఊరికే అనడంలేదు. మరియా మీస్ అని జర్మనీ సామాజిక శాస్త్రవేత్త ఒకావిడ నరసాపురం చుట్టుపక్కల తిరిగి లేసు అల్లే ఆడవాళ్ల గురించి అధ్యయనం చేసింది, 1982లో అది పుస్తకంగా వచ్చింది. ఆవిడ గమనించింది ఏమిటంటే, వాళ్లు పొద్దస్తమానం అల్లుతున్నా అది ‘ఇంట్లో కూర్చుని తీరుబడిగా చేసుకునే పని’ అనే పేరుతోనే నడిచేది, అందుకే కూలీ అంత తక్కువ, లాభం మాత్రం దూరదేశాలకి అమ్మేవాళ్లది. ఇప్పుడు మన పెళ్లిళ్లలో కూడా అదే మాట వింటున్నాను. "ఆడపిల్లలు ఖాళీగానే ఉన్నారుగా, చేసేస్తార్లే." ఎవరు ఖాళీగా ఉన్నారండీ? పెళ్లింట్లో ఖాళీగా ఉండేది పేకాట దగ్గర కూర్చున్నవాళ్లు. వాళ్ల ముందు ఒక దస్తా కార్డులూ స్కేలూ పెట్టండి, గీతలు గీస్తారు. నిజం చెప్తున్నాను, మగవాళ్లు కొలతలు బాగా తీస్తారు, ఎవరూ అడక్క చేయరు గానీ. పక్కింటి అమ్మాయి క్విల్లింగ్, అదే సన్నటి కాగితం పట్టీలు చుట్టి అంటించే పని, బాగా చేస్తుందని యాభై కార్డులు చేయించుకుని చివర్లో ఒక జాకెట్టు ముక్క పెట్టి పంపకండి. లెక్కగట్టి డబ్బివ్వండి, జాకెట్టు ముక్క కూడా పెట్టండి.

ప్రశ్నలుంటే అడగొచ్చు. ఆ చివర ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా.

వీడియో చూసి చేస్తే కాగితం గులాబీ అలా రావట్లేదు అంటున్నారు. రాదమ్మా, తప్పు నీది కాదు. వాళ్లు వాడేది ఇటలీ నుంచి వచ్చే దళసరి క్రేప్, 180 గ్రాములది, బాగా సాగుతుంది. మన స్టేషనరీ కొట్లలో దొరికేది పల్చటిది, బొటనవేళ్లతో రేకు మధ్యలో గుంట చేయబోతే చిరుగుతుంది. మన కాగితానికి మన పూలే నప్పుతాయి. ముద్దబంతి చెయ్యి. రెండంగుళాల వెడల్పు పొడవాటి పట్టీ తీసుకుని, ఒక అంచు పొడుగునా సగం వరకూ సన్నగా కత్తిరించుకుంటూ పోయి, కత్తిరించని అంచుకి జిగురు రాస్తూ పుల్లకి బిగించి చుట్టి, తర్వాత వేళ్లతో బయటికి విప్పు. ఎంత పల్చటి కాగితమైతే అంత నిండుగా వస్తుంది. పసుపూ నారింజా రెండు పట్టీలు కలిపి చుడితే కడియం నర్సరీ వాళ్లు కూడా ఒక్క నిమిషం తేరిపార చూడాలి.

ఇంకొకరు... పాత శుభలేఖలు ఏం చేయాలి? మంచి ప్రశ్న అండీ, ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో బీరువా మీదే ఉంది. దేవుడి బొమ్మ ఉంటుంది, చెత్తలో వేయడానికి చెయ్యి రాదు. నేను చేసేది చెప్తాను. బొమ్మ ఉన్న భాగం నీట్‌గా కోసి పక్కన పెడతాను, అవి పిల్లల పుస్తకాల్లో పేజీ గుర్తులవుతాయి. మిగతా కార్డు చాలా మంచి సరుకు, మనం డబ్బిచ్చి కొనేదానికంటే మందం. సాయంత్రం కాసేపు కూర్చుంటే చిన్న డబ్బాలు, పేరంటానికి పసుపు కుంకుమ పొట్లాలు, పచ్చడి సీసాలకి చీటీలు, పిల్లల పుట్టినరోజు కార్డులు, ఏదో ఒకటి అవుతాయి. పెళ్లి ఉంటేనే కత్తెర పట్టాలని లేదు కదా. అసలు ఏడాది పొడుగునా చెయ్యి ఆడుతూ ఉంటేనే పెళ్లినాటికి గీత తిన్నగా వస్తుంది.

ఎన్నాళ్ల ముందు మొదలెట్టాలి అంటారా? పేర్లూ తేదీలూ లేనివి ఎప్పుడైనా చేసి పెట్టుకోవచ్చు. పేర్లున్నవి మాత్రం లగ్నపత్రిక రాసుకున్నాకే. తొందరపడకండి, ముహూర్తాలు మారతాయి, మూఢం వచ్చిందంటే నెలలు జరుగుతాయి.

జిగురు అడుగుతున్నారా? ఫెవికాల్ చిన్న పనులకి. పెద్ద పనికి మైదా పిండి చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉడికిస్తే పాలరంగు పోయి గాజులా అవుతుంది, అప్పుడు దించాలి. పుస్తకాలు కుట్టేవాళ్లు బొద్దింకలు కొట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లలు ముట్టుకునేవాటికీ, తినే వస్తువులు పెట్టే డబ్బాలకీ వద్దేవద్దు. మామూలు జిగురు ఏరోజుది ఆరోజు చేసుకోండి, ఈ ఉక్కకి మర్నాటికి పులిసి వాసన వస్తుంది.

సరే, ఇక మాటలు చాలు. ఆ మూల చాప మీద కార్డులు పెట్టాను, ఇందాక వంచి చూసినవి పారేయకండి, వాటితోనే దిండు డబ్బా మొదలెడదాం. కత్తెరలు డజనే ఉన్నాయి కాబట్టి ఇద్దరికొకటి, ఎడమచేతివాటం వాళ్లకి విడిగా ఆకుపచ్చ పిడి ఉన్నది ఉంది. వదినగారూ, ఆ పళ్లాలు ఇటు అందించండి.